గర్భసంచి తీయించే ముందు కణ పరీక్ష, ముక్క పరీక్ష

రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం పరిసరాల్లోని తెలుగు కుటుంబాల్లో ఆడవారికి తెల్లబట్ట, అధిక రక్తస్రావం, పొత్తికడుపు నొప్పి వంటి బాధ కలిగితే ముందు ఇంటి వైద్యం, తరువాత ఊళ్లోని ఆర్.ఎం.పి., అటుపైన పార్వతీపురమో విజయనగరమో విశాఖపట్నమో చేరడం ఏళ్లుగా నడుస్తున్న దారి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు పడే వరకు కోరాపుట్ సీమ విశాఖపట్నం జిల్లాలో భాగమే. సరిహద్దు మారినా జబ్బు చేసినప్పుడు పట్టే దారి మాత్రం మారలేదు. ఆ దారి చివర చాలామంది స్త్రీలకు వినబడే మాట ఒక్కటే: గర్భసంచి తీసేయాలి.

ఈ మాట ఎంత తరచుగా వినబడుతున్నదో లెక్కలు చెబుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దేశంలో జరిగిన ఇటువంటి ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగాయి. వీటిలో అవసరమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. అవసరమా కాదా అన్నది తేల్చవలసింది వైద్యుని మాట ఒక్కటే కాదు, స్కానింగ్ ఒక్కటే కాదు. చాలా సందర్భాలలో తేల్చేది ఒక గాజు పలక మీది కొన్ని కణాలు, లేదా మినపగింజంత కండ ముక్క. ఆ పరీక్షలేమిటో, ఏ స్థితిలో ఏది చేయించాలో, వాటి కాగితాన్ని ఎలా చదువుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాము.

రెండు పరీక్షలకు తేడా

కణ పరీక్షను సైటాలజీ అంటారు. గర్భాశయ ముఖద్వారం ఉపరితలం నుంచి సహజంగా రాలే కణాలను మెల్లగా గీకి తీసి, గాజు పలకపై పూసి, రంగులు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తారు. కణజాల పరీక్షను హిస్టోపాథాలజీ అంటారు. జనవ్యవహారంలో ముక్క పరీక్ష, బయాప్సీ. ఇందులో రాలిన కణాలు కాక, వ్యాధి ఉన్న చోటి నుంచి కండను తీసి పలుచని పొరలుగా కోసి చూస్తారు.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టిది కణ పరీక్ష. కణం చెడినదా లేదా అన్నది చెబుతుంది. అయితే చెడిన కణాలు తమ పొరలోనే ఉన్నాయా, పొర దాటి లోతుకు దిగాయా అన్నది అది చెప్పలేదు. మడిలో నీరు గట్టు లోపల ఉన్నదా, గట్టు తెంచుకొని పక్క చేలో పడ్డదా అని చూడాలంటే మడి దగ్గరకే వెళ్లాలి. అది ముక్క పరీక్ష పని. గట్టు లోపల ఉన్నంతవరకు అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు పూర్వదశ; గర్భసంచిని ఉంచి చిన్న చికిత్సతోనే నయం చేయవచ్చు. గట్టు దాటితే చికిత్స మార్గమే వేరు. కనుక కణ పరీక్ష అనుమానాన్ని చూపుతుంది, ముక్క పరీక్ష నిర్ధారిస్తుంది. కణ పరీక్షలో ఏదో కనబడిందని దాని మీదనే ఆపరేషన్‌కు తేదీ ఇస్తే మధ్యలో ఒక మెట్టు తప్పినట్టే.

పాప్ పరీక్ష

కణ పరీక్షలలో ముఖ్యమైనది పాప్ స్మియర్. గ్రీసు దేశంలో 1883లో పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జ్ పాపనికొలావ్ పేరు మీద వచ్చిన మాట ఇది. ఈ పద్ధతిని ఆయన 1928లో తొలిసారి ప్రకటించినప్పుడు వైద్యలోకం పట్టించుకోలేదు. 1941లో హెర్బర్ట్ ట్రౌట్ అనే స్త్రీవైద్యునితో కలిసి మళ్లీ ప్రకటించిన తరువాతనే అది వ్యాప్తిలోకి వచ్చింది. రుమేనియాలో ఆరెల్ బాబెష్ అనే వైద్యుడు కూడా అదే కాలంలో స్వతంత్రంగా ఇటువంటి పరీక్ష కనుగొన్నాడు.

పరీక్షకు మత్తు అవసరం లేదు. స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిమార్గాన్ని కొంచెం తెరచి, చిన్న చెక్క పుల్లతోనో కుంచెతోనో ముఖద్వారం చుట్టూ ఒకసారి తిప్పి తీస్తారు. రెండు మూడు నిమిషాల పని. కొద్ది అసౌకర్యం, ఒకటి రెండు చుక్కల రక్తం కనబడవచ్చు. గీకిన పదార్థాన్ని పలకపై పూసిన వెంటనే, తడి ఆరకముందే, 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి. శిబిరాలలో పాడయ్యేది ఇక్కడే: పలక గాలికి ఆరిపోతే కణాలు ఉబ్బి రూపు చెడిపోతాయి, చూసేవారికి ఏదీ తేలదు. ఇప్పుడు కొన్ని చోట్ల పలకకు బదులు ద్రవం ఉన్న సీసాలో కణాలను కడిగి పంపుతున్నారు. దూరం పంపవలసిన చోట ఇది మేలు.

ముట్టు రోజులలో ఈ పరీక్ష చేయించరాదు. ముట్టు మొదలైన పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు వరకు అనువైన కాలం. ముందు రెండు రోజులు లోపల మందుబిళ్లలు పెట్టుకోవడం, నీళ్లతో లోపల కడుక్కోవడం, భార్యాభర్తల కలయిక మానాలి. దుర్వాసనతో కూడిన తెల్లబట్ట విపరీతంగా ఉంటే ముందు దానికి మందు వాడి, తగ్గిన తరువాత పరీక్ష చేయించడం మంచిది. లేకుంటే పలక నిండా చీము కణాలే కనబడతాయి. అయితే ముఖద్వారం వద్ద కంటికి కనబడే గడ్డ గానీ, తాకితే రక్తం కారే పుండు గానీ ఉంటే పాప్ పరీక్ష కోసం ఆగరాదు. అక్కడ నేరుగా ముక్క తీయవలసిందే. గడ్డపై కుళ్లిన పొర గీకితే పాప్ పరీక్ష తప్పుగా బాగున్నదని చెప్పే ప్రమాదం ఉంది.

ఆరోగ్య కేంద్రాలలో నర్సులు, వైద్యులు పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వినిగర్ వంటి ద్రవం, పూసి కంటితో చూసే వి.ఐ.ఎ. పరీక్ష వేరు. అది కణ పరీక్ష కాదు. 30 నుంచి 65 ఏళ్ల లోపు స్త్రీలకు అయిదేళ్లకొకసారి చేయాలని కేంద్ర కార్యక్రమంలో ఉంది. చెడిన చోటు తెల్లగా తేలుతుంది. తేలితే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. తెల్లగా తేలిన ప్రతిదీ క్యాన్సర్ కాదు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెలలో 1,31,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసిన ఊళ్లలో ముదిరిన క్యాన్సర్లు, మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఒక్కసారి పాప్ గానీ వి.ఐ.ఎ. గానీ చేసిన ఊళ్లలో చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదు. పాప్ పరీక్ష బలం దాన్ని మళ్లీ మళ్లీ చేయించడంలో ఉంది. పాశ్చాత్య దేశాలకు మేలు జరిగింది అలాగే. ముఖద్వారపు క్యాన్సర్‌కు కారణమైన హెచ్.పి.వి. అనే వైరస్‌ను కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి పరీక్షగా హెచ్.పి.వి. పరీక్షనే ఎంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అది దొరికే చోట, భరించగల ధరలో ఉంటే చేయించుకోవచ్చు. అందులో వైరస్ ఉన్నదని వచ్చినా క్యాన్సర్ ఉన్నదని కాదు. అప్పుడు మళ్లీ కణ పరీక్షో, ముక్క పరీక్షో అవసరమవుతుంది.

కాగితంలో రాసే మాటలు

పాప్ నివేదిక ఇంగ్లీషులో వస్తుంది. అందులోని పొడి అక్షరాలు చూసి చాలామంది బెదిరిపోతారు. నిల్మ్ అని ఉంటే చెడు కణాలు లేవని అర్థం. దాని పక్కనే ఇన్‌ఫ్లమేషన్ అని ఉంటే వాపు లేదా ఇన్‌ఫెక్షన్, మందులతో పోయేది. అన్‌శాటిస్‌ఫాక్టరీ అంటే పలక సరిగా లేదని, కణాలు చాలలేదని. బాగున్నదని కాదు, చెడినదనీ కాదు. మళ్లీ చేయించాలి. అస్కస్ అంటే కొంచెం తేడా ఉన్నది కానీ తేలలేదని, హెచ్.పి.వి. పరీక్ష లేదా కొంతకాలం తరువాత మళ్లీ పాప్ సరిపోతుంది. ఎల్‌సిల్ అంటే స్వల్ప మార్పు. ఎక్కువ మందిలో దానంతటదే తగ్గిపోతుంది. హెచ్‌సిల్ అని ఉంటే మాత్రం ఆలస్యం చేయరాదు. కాల్పోస్కోప్ అనే భూతద్దపు యంత్రంతో ముఖద్వారాన్ని చూసి, అనుమానం ఉన్న చోట ముక్క తీయించాలి.

ముక్క నివేదికలో సిన్ 1, సిన్ 2, సిన్ 3 అని మూడు అంచెలు. మూడూ గట్టు లోపలివే. సిన్ 2, 3 అయితే చల్లబరిచి గానీ, వేడితో కాల్చి గానీ, విద్యుత్ తీగతో ఆ భాగం వరకే తీసి గానీ నయం చేస్తారు. ఇన్వేసివ్ అనే మాట కనబడితే గట్టు దాటినట్టు. వైరస్ సోకిన నాటి నుంచి ఈ స్థితికి సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుంది. మనకు దొరికే గడువు అంత పెద్దది. అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 మందికి ముఖద్వారపు క్యాన్సర్ కొత్తగా బయటపడుతున్నది, దాదాపు 80,000 మంది చనిపోతున్నారు.

క్రానిక్ సర్విసైటిస్ అనే మాట చాలా నివేదికలలో ఉంటుంది. ఇది దీర్ఘకాలపు వాపు. పిల్లలు కన్న స్త్రీలలో అతి సాధారణం. ముఖద్వారం ఎర్రగా కనబడడాన్ని ఎరోషన్ అని, తెలుగులో పుండు అని చెప్పి, “రేపు క్యాన్సరవుతుంది, ఇప్పుడే తీయించండి” అనడం మన వైపు వినబడే మాట. లోపలి పొర కొంచెం బయటికి వచ్చి ఎర్రగా కనబడడం చాలామందిలో సహజమే. అది క్యాన్సర్‌గా మారదు. పాప్ పరీక్ష, అనుమానం ఉంటే ముక్క పరీక్ష చేసి చెడు లేదని తేలితే, ఆ ఎరుపు కోసం గర్భసంచిని పోగొట్టుకోనక్కర లేదు.

గర్భసంచి లోపలి పొర

పాప్ పరీక్ష ముఖద్వారానికి సంబంధించినది. గర్భసంచి లోపలి పొరలో వచ్చే వ్యాధిని అది నమ్మకంగా పట్టుకోలేదు. అధిక రక్తస్రావం ఉన్న 45 ఏళ్లు దాటినవారికి, అంతకన్నా చిన్నవారైనా మందులకు తగ్గనివారికి, లావు శరీరం, మధుమేహం ఉన్నవారికి లోపలి పొర నుంచి ముక్క తీయాలి. సన్నని గొట్టంతో మత్తు లేకుండా, అవుట్ పేషెంట్‌గానే తీయవచ్చు. ముట్టు వచ్చేటప్పటి నొప్పి వంటి నొప్పి కొద్ది సేపు ఉంటుంది. అలా కుదరకపోతే డి.అండ్.సి. చేస్తారు.

ముట్లుడిగి ఏడాది గడచిన స్త్రీకి ఒక్క చుక్క రక్తం కనబడినా ముక్క పరీక్ష విషయం వైద్యుని అడగవలసిందే. అటువంటివారిలో సుమారు పది మందిలో ఒకరికి లోపలి పొర క్యాన్సర్ ఉంటుంది. మిగిలిన తొమ్మిది మందికీ భయం తీరుతుంది. మన పల్లెల్లో అమ్మమ్మలు, అత్తలు ఈ మాట కొడుకులతో చెప్పుకోలేరు. కోడలికి కూడా చెప్పరు. ఉతికే బట్ట మీద మరక చూసినవారే పలకరించి అడగాలి.

క్షయ అనుమానం ఉంటే సీసా మారుతుంది

పిల్లలు కలగనివారిలో, ముట్టు క్రమంగా సన్నగిల్లినవారిలో, పొత్తికడుపు నొప్పి వదలనివారిలో గర్భసంచికి, గర్భనాళాలకు క్షయ పట్టిందేమోనన్న అనుమానం మన దేశంలో ఎప్పుడూ ఉంచుకోవాలి. ఊపిరితిత్తులు బాగుండవచ్చు, దగ్గు లేకపోవచ్చు. అటువంటివారికి ముట్టు రావడానికి కొద్ది రోజుల ముందు లోపలి పొర నుంచి ముక్క తీస్తారు.

దీనిలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. ముక్కను మొత్తంగా ఫార్మలిన్‌లో వేసేస్తారు. ఫార్మలిన్ కండను కుళ్లకుండా కాపాడుతుంది, అందులోని క్షయ క్రిమిని మాత్రం చంపేస్తుంది. అప్పుడు సూక్ష్మదర్శినిలో చూడడానికి వీలుంటుంది గానీ క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు ఆ ముక్క పనికిరాదు. కనుక ఒక భాగం ఫార్మలిన్‌లో, మరొక భాగం ఉత్త సెలైన్‌లో వేసి అదే రోజు పంపాలి. రెండు సీసాలు పంపారా అని అడగడానికి వెనుకాడనక్కర లేదు. క్షయ అని తేలితే మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, సాధారణంగా ఆరు నెలల చికిత్స. గర్భసంచిని తీసే పని లేదు. ఒకసారి ముక్కలో ఏమీ కనబడలేదంటే క్షయ లేనట్టే అని కూడా అనుకోరాదు.

అండాశయపు బుడగలు

స్కానింగ్‌లో నీటి బుడగ కనబడగానే సూది గుచ్చి నీరు తీయించమని అడిగేవారున్నారు. క్యాన్సర్ అనుమానం ఉన్న బుడగను అలా గుచ్చరాదు. లోపలి చెడు కణాలు కడుపులో చిందుతాయి. దాన్ని పగలకుండా మొత్తంగా తీసి ముక్క పరీక్షకు పంపాలి. పొట్టలో నీరు చేరితే మాత్రం ఆ నీటిని తీసి కణ పరీక్ష చేయవచ్చు. ముట్లుడగని స్త్రీలలో పలుచని గోడ ఉన్న చిన్న నీటి బుడగలు రెండు మూడు ముట్లకు వాటంతట అవే కరిగిపోవడం మామూలు. సి.ఎ. 125 అనే రక్త పరీక్ష పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదు. క్షయలోనూ, ఇతర వాపులలోనూ అది పెరుగుతుంది.

తీయవలసి వస్తే

పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలకు, మందులకు లొంగని రక్తస్రావానికి, జారిన గర్భసంచికి ఆపరేషన్ సరైన చికిత్సే కావచ్చు. ఫైబ్రాయిడ్ గడ్డను స్కానింగే బాగా చూపుతుంది, దాని నుంచి ముందుగా ముక్క తీయనక్కర లేదు. అయినా ఆపరేషన్‌కు ముందు ముఖద్వారానికి పాప్, రక్తస్రావం ఉంటే లోపలి పొరకు ముక్క పరీక్ష జరిగి ఉండాలి. కారణం ఇది: ముఖద్వారంలో తెలియకుండా క్యాన్సర్ ఉండి, మామూలు పద్ధతిలో గర్భసంచిని తీసేస్తే అది సరిపోని ఆపరేషన్ అవుతుంది. చుట్టుపక్కల కండ, గ్రంథులు మిగిలిపోతాయి. తరువాత రేడియేషన్ ఇవ్వడమూ, రెండోసారి కోయడమూ కష్టమవుతాయి. నయమయ్యే దశలో ఉన్న స్త్రీకి ఆ అవకాశం తగ్గిపోతుంది. కొన్ని వందల రూపాయల పరీక్ష మానినందుకు ఇంత నష్టం.

సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న డాక్టర్ నరేంద్ర గుప్తా కేసులో, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలలలో అమలు చేయాలని ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది వాటిలో ఒకటి. ఒడిశాకూ, ఆంధ్రప్రదేశ్‌కూ ఇది వర్తిస్తుంది.

మరొక మాట. కోరాపుట్, రాయగడ జిల్లాలలో సికిల్ సెల్ రక్తదోషం ఉన్న కుటుంబాలు ఎక్కువ. మత్తు ఇచ్చే ఏ చికిత్సకైనా ముందు ఆ పరీక్ష జరిగిందో లేదో చెప్పాలి.

తీసిన గర్భసంచిని పారవేయరాదు. దాన్ని పూర్తిగా ముక్క పరీక్షకు పంపాలి. అవయవానికి పదింతల ఫార్మలిన్ ఉన్న వెడల్పు మూతి డబ్బాలో, పేరు, వయసు, తేదీ, ఏ వైపు అండాశయమో రాసి పంపాలి. ఉప్పునీటిలోనో, స్పిరిట్‌లోనో, ఉత్త ప్లాస్టిక్ సంచిలోనో వేసి బస్సులో పంపితే పరీక్ష చెడుతుంది. గడ్డకట్టే ఫ్రీజర్‌లో పెట్టరాదు. సరిగ్గా ఫార్మలిన్‌లో ఉంటే గుణుపురం నుంచి విశాఖ వరకు ప్రయాణమైనా ఫర్వాలేదు. ప్రయోగశాలలో దాన్ని మైనంలో పోతపోసి, వెంట్రుక మందం కన్నా చాలా పలుచని పొరలుగా కోసి రంగు వేస్తారు. అందుకే నివేదికకు నాలుగు రోజుల నుంచి వారం, పది రోజులు పడుతుంది. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజునే ఆ కాగితం అడగండి. చాలామంది ఊరికి తిరిగి వచ్చేస్తారు, కాగితం అక్కడే ఉండిపోతుంది. క్యాన్సర్ అని రాసి ఉన్న కాగితం కూడా అలా ఉండిపోగలదు.

ఎక్కడ

కోరాపుట్‌లో 2017లో మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి మనకు అన్నిటికన్నా దగ్గరి పెద్ద ఆసుపత్రి. వైద్య కళాశాల అంటే పాథాలజీ విభాగం ఉండి తీరాలి. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లోని క్రిస్టియన్ ఆసుపత్రిని 1954లో డెన్మార్క్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ స్థాపించారు. తరతరాలుగా ఆ ప్రాంతపు స్త్రీలు నమ్మి వెళ్లే చోటు. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, విశాఖలో 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. క్యాన్సర్ తేలినవారికి కటక్‌లో ఆచార్య హరిహర్ సంస్థ, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్ – గోపబంధు జన ఆరోగ్య యోజన మొదలైంది. ఆయుష్మాన్ కార్డు ఇతర రాష్ట్రాలలోని గుర్తింపు పొందిన ఆసుపత్రులలోనూ చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు సొంత పథకం మాత్రం ఆ రాష్ట్రవాసులకే. విశాఖ వెళ్లే ముందు కార్డు ఏ పథకం కిందిదో, ఆ ఆసుపత్రి, ఆ చికిత్స అందులో ఉన్నాయో లేదో ఫోన్ చేసి తెలుసుకోవాలి.

సరిహద్దు దాటి వేరే ఆసుపత్రికి మారేవారు కాగితంతో సరిపెట్టరాదు. పాథాలజీ విభాగంలో అడిగి, గాజు పలకలను, బ్లాక్ అనే మైనపు దిమ్మను తీసుకువెళ్లాలి. దరఖాస్తు రాసి సంతకం పెడితే ఇస్తారు. కొత్త ఆసుపత్రిలో వాటినే మళ్లీ చూస్తారు, మళ్లీ ముక్క తీయవలసిన బాధ తప్పుతుంది. పలకలు పగలకుండా అట్టపెట్టెలో పెట్టాలి. మైనపు దిమ్మ ఎండకు కరుగుతుంది, కనుక వేసవిలో బస్సు కిటికీ పక్కన ఉంచరాదు.